గుమ్మం దగ్గర పీట: హెల్సింకిలో నా మొదటి సెమిస్టరు ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 28

గదిలో లైటు లేదు. పాడైపోవడం కాదు, అసలు లేదు. సీలింగు మధ్య ఒక సాకెట్టు, పక్కన ఒక కొక్కెం, అంతే. అద్దె ఇళ్లకి లైట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలనీ, ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోతారనీ పక్కగది అమ్మాయి పొద్దున్న చెప్పింది. మా ఎలమంచిలిలో ఎవరైనా బల్బు విప్పుకుపోతే ఇంటావిడ ఆ సంగతి తర్వాత వచ్చే మూడు కాపురాలకీ చెబుతుంది. నేను దిగేసరికి రాత్రి పదకొండున్నర. ఫోను టార్చి వెలుగులో పెట్టె విప్పి, కందిపొడి డబ్బా మూత ఊడలేదని చూసుకుని, కొత్త కోటు పరుచుకుని పడుకున్నా. మంచం కూడా లేదు మరి.

గది పదకొండు చదరపు మీటర్లు. కిటికీ, దాని కింద రేడియేటరు, గోడలో అల్మరా. వంటగది, బాత్రూము ముగ్గురికీ కలిపి: నేను, వియత్నాం అమ్మాయి, ఉత్తరాన ఔలు నుంచి వచ్చిన ఫిన్నిష్ అమ్మాయి. గుమ్మం లోపల జోళ్ల గుట్ట. ఇక్కడ కూడా ఇంట్లోకి జోళ్లతో రారు. వచ్చాక నాకు తెలిసినట్టు అనిపించిన మొదటి విషయం అదే.

డిజైన్ కోర్సులో ప్రాజెక్టు డైరీ రాయడం తప్పనిసరి అన్నారు. ఇంగ్లీషులో రాసేది మార్కులకి. ఇది నాకు.

ఆగస్టు 31

పాత సామాన్లు అమ్మే రీయూజ్ సెంటర్‌కి వెళ్లాం. టేబుల్ లైటు 6 యూరోలు, మూకుడు 3, పరుపు 20. పరుపు మోయడానికి ఔలు అమ్మాయి సాయం వచ్చింది. కుర్చీ ఒకటి బాగుంది, 15 అన్నారు. కానీ పరుపూ కుర్చీ రెండూ మెట్రోలో ఎక్కించే ఓపిక ఒంట్లో లేదు, కుర్చీ వదిలేశా. ఈ ముక్క రాసి పెట్టుకుంటున్నా, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఆ బద్ధకం నుంచే పుట్టింది.

దారిలో ఒక బోర్డు చూసి ఆగిపోయా. అక్షరాలు కూడబలుక్కుంటే ‘కుక్కకౌప్ప’ అని వచ్చింది. లోపల గులాబీలు, చామంతులు. ఫిన్నిష్‌లో కుక్క అంటే పువ్వట! కౌప్ప అంటే దుకాణం. ఈ భాషని ఇంగ్లీషు అక్షరాల్లో చదవడం కష్టం గానీ తెలుగులో రాసుకుంటే సాఫీగా వస్తుంది. హ్రస్వానికి, దీర్ఘానికి, ఒత్తుకి అర్థం మారిపోతుంది: తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్. నోటుబుక్కులో ఫిన్నిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాసుకుంటున్నా.

సెప్టెంబరు 3

మొదటి క్లాసు. మా ఇంటివైపు ఇతాకెస్కుస్‌లో మెట్రో ఎక్కితే నేరుగా యూనివర్సిటీ ఉన్న ఒటానియెమిలో దిగొచ్చు. హెల్సింకి దాటి పక్క ఊరు ఎస్పో వైపుకి మెట్రో వచ్చింది 2017లోనేనట. అంతకుముందు విద్యార్థులంతా బస్సుల్లో పడి వచ్చేవాళ్లు. క్యాంపస్ ప్లాను ఫిన్లాండ్ ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్టోది. మెయిన్ బిల్డింగు, గ్రంథాలయం ఆయనవే. మేముండే డిజైన్ భవనం వ్యారె మాత్రం కొత్తది, 2018లో తెరిచారు.

ఇక్కడ సార్, మేడమ్ లేవు. ప్రొఫెసర్ని పేరు పెట్టి పిలవాలి. నాకు నోరు రాలేదు. మొత్తం గంటన్నర ఆవిణ్ణి ఏ పేరుతోనూ పిలవకుండా, ‘ఎక్స్‌క్యూజ్ మీ’తో నెట్టుకొచ్చా.

ప్రాజెక్టు ఇది: మీ గదిలో లేని ఒక వస్తువు, కర్రతో, మీ చేత్తో, డిసెంబరు మొదటి వారానికి. నా గదిలో లేని వస్తువుల లిస్టు రాయమంటే పేజీ నిండింది.

సెప్టెంబరు 6

గ్రంథాలయంలో చదువుకోవాల్సినవాళ్లు చదువుకుంటుంటే నేను స్టూలుని తలకిందులు చేసి చూస్తున్నా. ఆల్టో 1933లో చేసిన మూడు కాళ్ల స్టూలు అది. ఎత్తు 44 సెంటీమీటర్లు, గుండ్రటి చెక్క 38. ఒకదాని మీద ఒకటి పేర్చితే కాళ్లు మెట్లమెట్లుగా మెలిక తిరుగుతాయి. కింద చూస్తే ఎక్కడా బెజ్జం తొలిచి బిగించిన కాలు లేదు. కాలే పైన మడత తిరిగి చెక్క అడుక్కి ఆనుకుంటుంది, అక్కడ స్క్రూలు. మడత దగ్గర దగ్గరగా చూస్తే సన్నటి గీతలు, పుస్తకం అంచుల్లా.

రహస్యం ఆ గీతల్లో ఉంది. బర్చి అనే చెట్టు కర్ర ఒక కొస నుంచి నార వెంబడి సన్నటి కోతలు కోస్తారు. కోతల్లో జిగురు రాసిన వెనీర్లు, అంటే పలచటి చెక్క పొరలు, దోపి వంచుతారు. ఆరాక ఆ భాగం వంగినచోటే గట్టిపడిపోతుంది, మిగతా కాలు మామూలు కర్రే. ఆల్టో ఒక్కడే కూర్చుని కనిపెట్టింది కాదు. తుర్కు ఊళ్లో ఒత్తో కోర్హొనెన్ అనే ఫర్నిచరు తయారీదారుతో కలిసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. 1935లో ఇంకో ముగ్గురితో కలిసి ఈ ఫర్నిచరు అమ్మడానికి ఆర్టెక్ కంపెనీ పెట్టాడు. ఆ స్టూలు ఇప్పటికీ తయారవుతూనే ఉంది.

సాయంత్రం మావయ్యకి ఫోను చేశా. ఎలమంచిలిలో మావయ్యది వడ్రంగం, నలభై ఏళ్ల చెయ్యి.

“ఆల్టో అంటే కారు కదమ్మా?”

“మనిషి మావయ్యా. కర్ర వంచి స్టూలు చేశాడు.”

“మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. వంకర కావాలంటే వంకర కొమ్మ వెతుక్కోవాలి. నాగలికి మనం అదే కదా చేసేవాళ్లం. తిన్నటి కర్ర తెచ్చి వంచడమేటి, నీకు పనీపాటూ లేదా?”

సెప్టెంబరు 11

మొదటి ప్రపోజల్. బాగా తయారై వెళ్లా. మా ఊరికి దగ్గర్లో ఏటికొప్పాక ఉంది, అంకుడు కర్ర, లక్క రంగులు, 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు. స్లైడ్ల నిండా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. లక్క పూసిన గుండ్రటి కాళ్లతో ఒక స్టూలు, ‘వారసత్వం’ అన్న మాట నాలుగుసార్లు.

ప్రొఫెసర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇక్కడ ఆ మౌనం మామూలే, కోపం కాదు, ఆలోచిస్తున్నారని అర్థం. అది నాకు ఇంకో నెలకి గానీ తెలియలేదు. అప్పుడు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. తర్వాత అడిగింది: “నువ్వు లక్కపని చేశావా?” లేదు. “మీ ఇంట్లో ఇలాంటి స్టూలు ఉందా?” లేదు. “మరి దీని మీద ఎవరు కూర్చుంటారు? ఎప్పుడు?”

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే పరాయి దేశంలో మన బొమ్మలు చూపిస్తే మార్కులు పడతాయనుకున్నా. ఏటికొప్పాకలో నేను కొన్నది ఒకే ఒక్క బొంగరం, అదీ ఆరో తరగతిలో.

ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ ఒంటికాలి మీద గెంతి గోడకి తల కొట్టుకున్నా. వియత్నాం అమ్మాయి నవ్వి, తనకీ మొన్న అదే జరిగిందంది. చీలమండ పైదాకా వచ్చే ఈ బూట్లు నిలబడి విప్పడం కుదరని పని. కూర్చుందామంటే ఏమీ లేదు. నేల మీద కూర్చుంటే ఇసుక, తడి.

సరే. గుమ్మం దగ్గర పీట.

సెప్టెంబరు 15

ఎత్తు ఎంత? ఇంటికి ఫోను చేసి అమ్మని కొలవమన్నా. మా వంటింట్లో పనసకర్ర పీట మూడున్నర అంగుళాలు, తొమ్మిది సెంటీమీటర్లు. అన్నం తినడానికి అది సరిపోతుంది. బూట్లకి సరిపోదు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. పైగా కోటు, కింద ఒకదాని మీద ఒకటి రెండు ప్యాంట్లు. లేవడం ఇంకా నరకం.

గ్రంథాలయం పుస్తకాలు, పాత ప్లైవుడ్ ముక్కలు కలిపి నాలుగు ఎత్తులు పేర్చా: 10, 16, 22, 28. ఇంట్లో ముగ్గురం, పక్కింటి ముగ్గురు, మొత్తం ఆరుగుర్ని కూర్చోబెట్టి బూట్లు విప్పించా. 28 మీద కూర్చుంటే లేసులు అందుకోవడానికి బాగా వంగాలి. 16 పొట్టివాళ్లకి బాగుంది. ఆరడుగుల ఫిన్నిష్ అబ్బాయి 16 మీద కూర్చుని గొంగళిపురుగులా ముడుచుకుపోయాడు. 22 దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోతే అదే సరైన కొలత అని మావయ్య అంటాడు.

ఫిన్నిష్‌లో ఇలాంటి పొట్టి స్టూలుని యక్కర అంటారట. పాలు పితకడానికి వేరే యక్కర ఉంది, అదీ పొట్టిదే.

సెప్టెంబరు 24

వర్క్‌షాపు ట్రైనింగు. బ్యాండ్‌సా, ప్లేనరు, డ్రిల్లు, ఒక్కోదానికి విడివిడిగా నేర్పి సంతకం పెట్టించుకుంటారు. అంతవరకు మెషీను ముట్టుకోనివ్వరు. జుట్టు కట్టుకోవాలి, గ్లవ్స్ వేసుకోకూడదు. రంపం తిరిగేచోట గ్లవ్ చిక్కుకుంటే చెయ్యి కూడా లాగేస్తుంది.

వర్క్‌షాపు చూసుకునే పెద్దాయన్ని అందరూ మెస్తారి అంటున్నారు. మొదట విన్నప్పుడు మేస్త్రి అనే వినబడింది! తర్వాత వెతికా. మన మేస్త్రి పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మాట, వీళ్ల మెస్తారి స్వీడన్ వైపు నుంచి. రెండింటి వేరూ లాటిన్‌లో ఒకటే. ఆయన కూడా మావయ్యలాగే పెన్సిలు చెవి మీద పెట్టుకుంటాడు, ఎవరైనా చిత్రిక తలకిందులుగా బల్ల మీద పెడితే ఒక్క చూపు చూస్తాడు.

బర్చి పలక కొన్నా, 14 యూరోలు. తెల్లగా, నున్నగా, వాసనే లేదు. టేకుకి అలవాటుపడ్డ ముక్కుకి ఏదో వెలితి.

అక్టోబరు 1

మొదటి కాలు. మందం 24 మిల్లీమీటర్లు, వెడల్పు 45. కొసలో నాలుగు కోతలు, అంటే ఐదు పట్టీలు, ఒక్కోటి దాదాపు 4 మిల్లీమీటర్లు. ప్లైవుడ్ పొరలు అంటించి చేసిన అచ్చు, లోపలి వంపు వ్యాసార్ధం 80 మిల్లీమీటర్లు. వెనీర్లు దోపకుండా ఉత్తినే వంచి చూద్దామని కర్రని అచ్చుకి బిగించే క్లాంపు తిప్పుతున్నా. సగం దాకా వచ్చింది. ఇంకో చుట్టు. టప్!

వర్క్‌షాపు మొత్తం తల తిప్పింది. బయటి పట్టీ అడ్డంగా విరిగి పైకి లేచింది, చెరుకు ముక్క విరిచినట్టు.

మెస్తారి వచ్చి కాగితం మీద రెండు గీతలు గీశాడు. పట్టీ వంగినప్పుడు బయటి వైపు సాగాలి, లోపలి వైపు నలగాలి. ఎంత సాగాలో మందాన్ని వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 4ని 160తో భాగిస్తే నూటికి రెండున్నర. పొడి కర్ర అంత సాగదు, ఒకటి దాటితేనే కష్టం. పట్టీ మందం సగం చేస్తే సాగాల్సింది కూడా సగమే. ఇంజనీరింగ్ చదివిన మా అన్నయ్య ఇది చూస్తే నన్ను బతకనివ్వడు.

అక్టోబరు 4

ఏడు కోతలు, ఎనిమిది పట్టీలు, ఒక్కోటి 2 మిల్లీమీటర్లు. ఈసారీ విరిగింది. విరిగిన తీరు వేరు: అడ్డంగా కాదు, ఏటవాలుగా, చీలినట్టు. పలక పక్కనుంచి చూస్తే నార తిన్నగా లేదు, నా గీత ఒకవైపు, కర్ర గీత ఇంకోవైపు. కోత కోసేది నార వెంబడి కాకుండా నార మీద అడ్డం పడిపోతోంది.

మావయ్యకి ఫొటో పంపా. ఐదు నిమిషాల్లో వాయిస్ మెసేజ్: “గీత చూడకుండా రంపం పెట్టావేటమ్మా? ముందు చిన్న ముక్క గొడ్డలితో చీల్చి చూడు. కర్ర ఎలా చీలితే అదే దాని దారి. నువ్వు గీసిన గీత నీ దారి.”

వర్క్‌షాపులో గొడ్డలి లేదు. వెడల్పాటి ఉలితో సుత్తి దెబ్బ వేసి చీల్చి చూశా. పలకలో ఒక అంచు మాత్రం తిన్నగా చీలింది. మూడు కాళ్లకి సరిపోయేంత తిన్నటి కర్ర అందులోంచే తీశా. మిగతా పలక వృథా అయినట్టే.

అక్టోబరు 9

వేడినీళ్లలో నానబెట్టి వంచితే మెత్తబడుతుందన్నారు. వంటగదిలో పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి కొసలు ముంచా. అరగంటకి ఇల్లంతా తడి కర్ర వాసన, సూప్ ఏమిటని ఔలు అమ్మాయి అడిగింది.

వంగింది. చప్పుడు లేకుండా, తడిసిన తోలులా వంగింది. అచ్చులో బిగించి క్లాంపులు వేసి గుండె నిబ్బరం చేసుకుని కూర్చున్నా.

అయితే ఇక్కడే తప్పు చేశా. సంబరంలో అదే రోజు జిగురు పెట్టేద్దామని విప్పితే, నానిన పట్టీలు ఉబ్బి కోతలు మూసుకుపోయాయి. వెనీరు దూరడం లేదు. బలవంతంగా తోస్తే వెనీరు మడతపడింది. పైగా ఈ తెల్ల జిగురు, మన ఫెవికాల్ జాతిదే, తడి కర్రకి సరిగా పట్టదు. కాబట్టి వరస ఇదీ: నానబెట్టు, వెనీరు లేకుండా వంచు, మూడు రోజులు అచ్చులోనే ఆరనివ్వు, విప్పు, అప్పుడు జిగురు, వెనీరు, మళ్లీ అచ్చు. ఒక్కో కాలికి ఐదు రోజులు. నా దగ్గరున్నది ఒక్క అచ్చు.

అక్టోబరు 14

జిగురు రోజు. దీని గురించి వివరంగా రాయాలి, మళ్లీ చెయ్యాల్సి వస్తే పనికొస్తుంది.

ఏడు వెనీర్లు, ఒక్కోటి 0.9 మిల్లీమీటర్లు, కోత 1.1. రెండు వైపులా జిగురు రాయాలి, అంటే పద్నాలుగు ముఖాలు. జిగురు పదీ పన్నెండు నిమిషాల్లో పట్టేస్తుంది. కోతల లోపలికి బ్రష్ దూరదు. పలచటి స్టీలు స్కేలుకి జిగురు పూసి కోతలో పెట్టి లాగా, దోసెపిండి గరిటె అంచుతో గీకినట్టు. నాలుగో వెనీరు దగ్గరికి వచ్చేసరికి మొదటిది జారి బయటికి వస్తోంది. పక్కన సాయం చేస్తున్న ఫిన్నిష్ క్లాస్‌మేటు చెయ్యి చాపి “అన్న! అన్న!” అని అరుస్తున్నాడు. ఇంత టెన్షన్‌లో వీడికి అన్నయ్య ఎందుకు గుర్తొచ్చాడనుకున్నా. అన్న అంటే ‘ఇవ్వు’ అట, క్లాంపు అడుగుతున్నాడు.

అచ్చుకి ముందే ప్యాకింగ్ టేపు చుట్టాం, లేకపోతే కాలూ అచ్చూ కలిసి ఒకటే శిల్పం అయిపోయేవి. ఐదు క్లాంపులు. ప్రతి బిగింపుకీ అంచుల్లోంచి జిగురు పాయసంలా కారుతోంది. వంగుతున్నప్పుడు పట్టీలు ఒకదాని మీద ఒకటి జారి కొస మెట్లమెట్లుగా తయారైంది. లోపలి పట్టీ ముందుకొచ్చింది, బయటిది వెనకపడింది. తేడా దాదాపు 38 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే కూడా అంతే వచ్చింది, అది చూసి నాకు చిన్న పండగ. అందుకే కొస పొడుగ్గా వదిలి తర్వాత కోసెయ్యాలి.

రాత్రి తొమ్మిదయింది, క్యాంటీను ఎప్పుడో మూసేశారు. ఇక్కడ విద్యార్థుల భోజనానికి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, తక్కువ ధరకే కూర, సలాడ్, రొట్టె, పాలు వస్తాయి, కానీ ఎక్కువగా మధ్యాహ్నం పూటే. జిగురు చేతులతో మెట్రో ఎక్కి ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నా.

అక్టోబరు 27

నిన్న రాత్రి గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి. ఇండియాతో తేడా రెండున్నర గంటల నుంచి మూడున్నర అయింది. సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతోంది. అమ్మ ఫోను చేసి “ఇంకా పడుకోలేదా” అంటుంది, నాకు ఐదే అయిందని చెప్పినా వీడియోలో కిటికీ చూసి నమ్మదు.

పీట పైచెక్క ఆకారం చూసుకోవడానికి అట్టముక్కలు కావాలి. వీధిలో నడిచి అలసి, ‘ఊది’ అనే లైబ్రరీకి వెళ్లా. 2018 డిసెంబరులో తెరిచిన ఊరి గ్రంథాలయం అది. రెండో అంతస్తులో కుట్టుమిషన్లు, త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టరు, అన్నీ జనానికి. బుక్ చేసుకుని సామాను తెచ్చుకుంటే చాలు. నా పక్కన ఒక బామ్మ కర్టెన్లు కుట్టుకుంటోంది. మనవైపు లైబ్రరీ అంటే ‘నిశ్శబ్దం’ బోర్డే, ఇక్కడ మిషన్ల కటకట. చూసి కడుపు నిండింది, కొంచెం మండింది కూడా.

మూడు ఆకారాలు కోసి గుమ్మం దగ్గర పెట్టి చూశాం. గుండ్రంగా ఉంటే గోడకి ఆనదు, తలుపు తెరిస్తే తగులుతోంది. ఒకవైపు తిన్నగా, ఒకవైపు వంపుగా ఉన్నదే బాగుంది, 36 బై 26 సెంటీమీటర్లు.

నవంబరు 5

మూడు కాళ్లూ తయారు. మూలమట్టం పెట్టి చూస్తే ఒకటి 94 డిగ్రీలు, ఒకటి 96, ఒకటి 93. అచ్చు 90. క్లాంపు తీయగానే కర్ర కొంచెం వెనక్కి విచ్చుకుంటుందని తెలుసు, కానీ మూడూ మూడు రకాలు ఎందుకు? డైరీ తిరగేస్తే దొరికింది: 96 వచ్చినదాన్ని మర్నాడు పొద్దున్నే విప్పేశా, అచ్చు ఖాళీ చేసే తొందరలో. మిగతావి పూర్తిగా ఒక రోజు పైన ఉన్నాయి.

అచ్చుని 86కి మార్చి మళ్లీ చేస్తే తిన్నగా 90 వస్తుంది. కానీ మావయ్య మొదటి రోజే ఒక మాట అన్నాడు: ముక్కాలి పీట మీద కూర్చుని ముందుకి వంగితే తల్లకిందులే. లేసులు విప్పడమంటే వంగడమే కదా. కాళ్లు బయటికి కొంచెం చాచుకుని ఉంటే పీట బోర్లా పడదు. తప్పుగా వచ్చిన 94 నాకు కావాల్సిందే. కాబట్టి 96 ఒక్కటీ పక్కన పెట్టి మళ్లీ చేస్తా. 93ని అలాగే ఉంచుతా, ఒక డిగ్రీని పాదం దగ్గర సర్దుకోవచ్చు. రెండు కాళ్లు ముందు, వంపు వైపు. ఒకటి గోడ వైపు.

నవంబరు 13

చెక్క మూడు పలకలు అంటించి చిత్రిక పట్టి ఇంటికి తెచ్చా, రాత్రి ఉప్పు కాగితం వేద్దామని. కిటికీ కింద ఆనించి పడుకున్నా. కిటికీ కింద ఏముంది? రేడియేటరు.

పొద్దున్నకి చెక్క పళ్లెం అయింది. రేడియేటరు వైపున్న ముఖం ఆరి కుంచించుకుపోయి మధ్యలో 3 మిల్లీమీటర్ల గుంట. గదిలో తేమ కొలిస్తే నూటికి 24. ఎలమంచిలిలో వానాకాలంలో తలుపులు ఉబ్బి మూసుకోవని గొడవ. ఇక్కడ కర్ర గొంతెండి చచ్చిపోతోంది.

గుంటపడ్డ వైపు తడి గుడ్డ వేసి ప్లాస్టిక్ చుట్టి రెండు రోజులు ఉంచితే ఒక మిల్లీమీటరుకి వచ్చింది. మిగిలింది చిత్రికతో తీసేశా, అందుకే 22 మందం అనుకున్నది 20 అయింది. స్క్రూల బెజ్జాలు గుండ్రంగా కాకుండా పొడుగ్గా తొలిచా, చెక్క ఊపిరి పీల్చుకోవడానికి చోటు ఉండాలి.

నవంబరు 21

మంచు. మోకాలిదాకా కాదు గానీ బూటు మునిగేంత. దారుల మీద జారకుండా చిన్న కంకర చల్లుతున్నారు, అది బూట్ల అడుగున ఇరుక్కుని ఇంట్లోకి వస్తోంది. ఇన్నాళ్లూ ఊహించి చేస్తున్న పీటకి ఇవాళ నిజంగా పని పడింది. బిగించిన కాళ్లతో, ఇంకా పూత వెయ్యకుండానే, గుమ్మంలో పెట్టా.

డిసెంబరు 4

ఫైనల్ రివ్యూ. బయటి నుంచి ఇద్దరు డిజైనర్లు వచ్చారు. స్లైడ్లు ఆరే. వారసత్వం అన్న మాట ఎక్కడా లేదు. పీట నేల మీద పెట్టి, చెడిపోయిన కాళ్లు నాలుగు పక్కన వరసగా పెట్టా.

మళ్లీ ఆ మౌనం. ఈసారి చెవులు వేడెక్కలేదు. వచ్చినవాళ్లలో ఒకావిడ లేచి పీట మీద కూర్చుని, బూటు లేసు విప్పి, మళ్లీ కట్టుకుని, లేచింది. “ఎత్తు బాగుంది” అంది. ఇంకొకాయన మాత్రం పీట తిప్పి వంపు మీద వేలు పెట్టి అన్నాడు: “ఇది ఆల్టో తన లెక్కకి వెతుక్కున్న జవాబు. వందలకొద్దీ కాళ్లు ఫ్యాక్టరీలో చెయ్యడానికి. నువ్వు చేసింది మూడు కాళ్లు. నీకు ఈ వంపు ఎందుకు?”

నేర్చుకోవాలని చేశానన్నా. తలూపాడు. అది జవాబు కాదని నాకూ తెలుసు. మెట్రోలో ఇంటికొస్తూ మావయ్య మాట గుర్తొచ్చింది, వంకర కావాలంటే వంకర కొమ్మ వెతుక్కోవాలని. ఇద్దరూ ఒకటే అడిగారు, ఒకరు సెప్టెంబరులో, ఒకరు డిసెంబరులో.

డిసెంబరు 6

ఫిన్లాండ్ స్వాతంత్ర్య దినం, 1917లో వచ్చింది. సాయంత్రం కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు పెడతారు. మా వంటింటి కిటికీలో కూడా పెట్టాం. ఎదురు బిల్డింగంతా జతలు జతలుగా వెలుగులు, దీపావళి నాడు ఎవరో టపాకాయల చప్పుడు మాత్రం ఆపేసినట్టుంది.

పీట సంగతి: ముందు కాలి పాదం దగ్గర నల్లటి మరక. బూట్ల మీద మంచు కరిగి నీళ్లు కర్ర కొసలోంచి పైకి పీల్చుకుంటున్నాయి. పాదాలకి పూత మూడు చేతులు వెయ్యాలి, లేదా అడుగున తోలు ముక్క అంటించాలి. వియత్నాం అమ్మాయి కూరగాయల సంచి పీట మీదే పెడుతోంది, మేం కూర్చోవాలంటే ముందు దాన్ని దించాలి.

డిసెంబరు 8

మావయ్య వీడియో పంపాడు. షెడ్డులో సరుగుడు రీపరు ఒకటి, కొసలో చేతి రంపంతో నాలుగు కోతలు, పక్కన కాగుతున్న డేగిసా. ఎవరో కుర్రాడు ఫోను పట్టుకున్నాడు. మావయ్య మోకాలు ఆనించి వంచుతున్నాడు, వంగుతోంది, వంగుతోంది, టప్! కుర్రాడి నవ్వు, ఫోను ఊగడం. తర్వాత మావయ్య గొంతు, కెమెరాకి దూరంగా: “ఎన్ని కోతలన్నావమ్మా?”

ఏడు అని పంపా. పట్టీ 2 మిల్లీమీటర్లు దాటకూడదని, ముందు ఒక ముక్క చీల్చి నార చూడమని కూడా రాసి, ఆ రెండో వాక్యం చెరిపేశా. అది ఆయన చెప్పిందే.